బస్తర్‌కు ఇంకా చేరని ఇంగ్లిష్
ఎన్‌కౌంటర్, సరెండర్, ఇన్‌ఫార్మర్ అన్న మాటలు బడి మొహం చూడనివారికీ తెలుసు. మనిషితో మనిషి మాట్లాడుకునే ఇంగ్లిష్ మాత్రం ఇప్పుడిప్పుడే అడవి దారి పడుతోంది.

జగదల్‌పూర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు వెళితే కాంగేర్ లోయ జాతీయ పార్కు పరిధిలో ధూడ్‌మారస్ వస్తుంది. సాల వృక్షాల నీడలో ధుర్వా ఆదివాసీల ఊరు అది. పక్కనే పారే కాంగేర్ నది శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ఇక్కడి నీళ్లు చివరికి చేరేది తెలుగు నేలకే. ఊరి యువకులు వెదురు తెప్పల మీద పర్యాటకులను నదిలో తిప్పుతారు. ఇళ్లలో బస, భోజనం ఏర్పాటు చేస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాలుగా తీర్చిదిద్దడానికి వివిధ దేశాల నుంచి 20 ఊళ్లను ఎంచుకుంటే వాటిలో ధూడ్‌మారస్ ఒకటి.

ఆ గుర్తింపుతో ఊరికి పేరొచ్చింది, దాంతోపాటు కొత్త అవసరమూ వచ్చింది. ఊరి మాట ధుర్వా, సంత మాట హల్బీ, బడి మాట హిందీ. తెప్ప ఎక్కే అతిథికి ఈ మూడూ రాకపోవచ్చు. అతనికి చెప్పాల్సినవి నాలుగే నాలుగు ముక్కలు: హోల్డ్ ఆన్, సిట్ డౌన్, వాచ్ అవుట్, గెట్ ఆఫ్. ఆవు మీద వ్యాసం, హెడ్‌మాస్టరుకు సెలవు చీటీ నేర్పిన పాఠ్యపుస్తకం ఇక్కడ అక్కరకు రాదు. హోల్డ్ అంటే పట్టుకోవడం, ఆన్ అంటే మీద అని విడివిడిగా తెలిసినా లాభం లేదు. ఆ రెండూ కలిస్తే నదిలో గట్టిగా పట్టుకోమని అర్థం. ఫోనులో అయితే కాస్త ఆగమని. క్రియకు చిన్న మాట తగిలించి కొత్త అర్థం పుట్టించే ఈ జంటలను వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. జాతీయాల మాదిరిగానే ఇవీ విడగొడితే అర్థమయ్యేవి కావు. ఇంగ్లిష్ నేర్చుకునేవారిని ఎక్కువగా తిప్పలు పెట్టేవీ ఇవే. ఎందుకంటే ఇవి ఇంట్లో, వంటగదిలో, ఆటస్థలంలో పుట్టి పెరిగే మాటలు. పుస్తకం వాటి జాబితా ఇవ్వగలదు కానీ వాటి వాడుకను పూర్తిగా అందించలేదు.

ఈ ప్రయాణం ఒకప్పుడు ఎదురు దిశలో సాగింది. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతం బోధించిన టి. బరో, సుధీభూషణ్ భట్టాచార్య కలిసి 1953లో ధుర్వాల భాష మీద ఒక పుస్తకం ప్రచురించారు. పండితులు పర్జీ అని పిలిచే ఆ భాష ద్రావిడ కుటుంబానికి చెందినది. అప్పుడు ఇంగ్లిష్ పండితుడు బస్తర్ మాట కోసం వచ్చాడు. ఏడు దశాబ్దాల తర్వాత బస్తర్ కుర్రాడు ఇంగ్లిష్ మాట కోసం వెతుకుతున్నాడు. అయితే పండితుడికి చేతిలో నోటు పుస్తకం, వెనక విశ్వవిద్యాలయం ఉండేవి.

ముందుగా వచ్చిన మాటలు

బస్తర్‌లో ఇంగ్లిష్ లేదనడం నిజం కాదు. దక్షిణ బస్తర్‌లో ఏ పల్లెకు వెళ్లినా క్యాంప్, ఫోర్స్, ఆపరేషన్, సర్చింగ్, ఎన్‌కౌంటర్, సరెండర్, రిమాండ్ అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. వీటిని ఎవరూ బడిలో నేర్చుకోలేదు. 1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలో అడుగుపెట్టిన తర్వాత దళం, సంఘం లాంటి తెలుగు మాటలు స్థిరపడ్డాయి. వారి వెనకే వచ్చిన బలగాలతో ఇంగ్లిష్ మాటలు స్థిరపడ్డాయి. ఒకే ఊళ్లో రెండు భాషలు రెండు తుపాకుల నుంచి వినిపించాయి.

ఇంగ్లిష్ చరిత్ర తెలిసినవారికి ఇందులో ఒక విశేషం కనిపిస్తుంది. ఆ భాషలో రెండు పొరలున్నాయి. ఒకటి జర్మానిక్ మూలాల ఇంటి పొర: గివ్ అప్, రన్ ఇంటూ, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్. రెండోది ఫ్రెంచి, లాటిన్ల నుంచి వచ్చిన కచేరీ పొర: సరెండర్, ఎన్‌కౌంటర్, పోస్ట్‌పోన్, ఫోర్స్, రిమాండ్. వలస పాలనలో భారతదేశానికి మొదట చేరింది ఈ రెండోదే. కోర్టు నుంచి, తాలూకా ఆఫీసు నుంచి, పోలీస్ స్టేషన్ నుంచి అది జనంలోకి దిగింది. అందుకే చదువుకున్న భారతీయుడు పోస్ట్‌పోన్ అన్నంత తేలిగ్గా పుట్ ఆఫ్ అనలేడు. బస్తర్‌లో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడి పల్లెకు కచేరీ పొర చేరింది కానీ ఇంటి పొర చేరలేదు.

ఎన్‌కౌంటర్ అన్న మాటనే చూడండి. ఇంగ్లండులో అచ్చయిన నిఘంటువులో దాని అర్థం అనుకోకుండా ఎదురుపడటం. ఇంటి ఇంగ్లిష్‌లో అదే రన్ ఇంటూ. తెలుగు పాఠకుడికి ఆ అర్థం చెప్పినా మనసుకు పట్టదు. ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అంటే చంపేశారనే అతనికి తెలుసు. బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 2012 జూన్‌లో జరిగిన కాల్పుల్లో 17 మంది గ్రామస్థులు చనిపోయారు. అధికారులు దాన్ని ఎన్‌కౌంటర్ అన్నారు. విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్, చనిపోయినవారు మావోయిస్టులని చెప్పడానికి ఆధారాలు లేవని తేల్చింది. ఆ నివేదిక 2019లో బయటికి వచ్చింది. ఒక్క మాట అర్థం తేలడానికి ఏడేళ్లు పట్టింది.

వేట కాస్తా యాత్ర అయింది

ఒక భాషలోని జాతీయాన్ని మరో భాషలోకి తప్పుగా మార్చితే ఏమవుతుందో చెప్పడానికి బస్తర్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 2005లో మొదలైన సల్వా జుడుంను ప్రభుత్వం, చాలా పత్రికలు ‘శాంతి యాత్ర’ అని అనువదించాయి. గోండీ తెలిసినవారు చెప్పే అర్థం వేరు. జుడుం అంటే ఊరంతా కలిసి చేసే వేట. సల్వా అంటే చల్లబరచడం, శుద్ధి చేయడం. రెండూ కలిస్తే శుద్ధి కోసం సాగే వేట అవుతుంది. వేట అన్న మాట పోయి యాత్ర అన్న మాట వచ్చేసరికి ఢిల్లీలో, రాయ్‌పూర్‌లో చదివినవారికి కళ్ల ముందు మెదిలిన బొమ్మే మారిపోయింది. ఊళ్లు తగలబడ్డాయి. వేలాది మంది శిబిరాలకు చేరారు. వేలాది మంది శబరి, గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో తలదాచుకున్నారు. అక్కడ వారిని గుత్తికోయలంటారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్ తదితరులు వేసిన ఆ కేసు, దాని తీర్పు మొత్తం ఇంగ్లిష్‌లోనే సాగాయి. అందులో ప్రస్తావనకు వచ్చిన ఊళ్లలో ఇంగ్లిష్ తెలిసినవారు దాదాపు లేరు.

జిల్లా కోర్టుల్లోనూ ఇదే దూరం. సాక్ష్యం నిందితుడికి తెలియని భాషలో ఉంటే కోర్టులోనే అతనికి అనువదించి చెప్పాలని 1973 నాటి నేర విచారణ స్మృతి 279వ సెక్షన్ నిర్దేశించింది. గోండీ మాత్రమే తెలిసిన నిందితుడు, హిందీలో విచారణ, పై కోర్టులో ఇంగ్లిష్ కాగితాలు. బస్తర్ కేసు ఈ మూడు మెట్లూ ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా మాట కొంత జారిపోతుంది. సుక్మా జిల్లా బుర్కాపాల్‌లో 2017 ఏప్రిల్ 24న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పటికి వారిలో చాలామంది అయిదేళ్లు జైల్లో గడిపారు.

రాజులకు తెలిసిన కిటుకు

జనానికి చెప్పాల్సింది జనం మాటలో చెప్పాలన్న తెలివి బస్తర్ పాలకులకు కొత్తది కాదు. ఇంద్రావతికి దగ్గర్లోని బార్సూర్ ఒకప్పుడు ఛిందక నాగవంశీయుల పట్టణం. అక్కడ దొరికిన శక 983, అంటే క్రీ.శ. 1060 నాటి శాసనం తెలుగులో ఉంది. నాగరాజు ధారావర్షుడి సామంతుడైన చంద్రాదిత్యుడు గుడి, చెరువు కట్టించిన సంగతి అందులో ఉంది. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికొచ్చి రాజ్యం స్థాపించాడని ఈ రాజవంశం చెప్పుకుంటుంది.

ఆ వంశానికి చెందిన దిక్పాలదేవుడు 1703లో దంతెవాడ దంతేశ్వరి గుడిలో రెండు రాళ్ల మీద శాసనం వేయించాడు. మొదటి రాయి మీద సంస్కృతం. రెండో రాయి మీద అదే విషయం వాడుక భాషలో ఉంది. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవారు తక్కువ కాబట్టి రెండో రాయి మీద దేశభాషలో రాయిస్తున్నట్టు కారణం కూడా అందులోనే చెప్పారు. మూడు వందల ఏళ్ల కిందటి ఈ రెండో రాయి ముందు నేటి విద్యాశాఖలు కాసేపు నిలబడితే మేలు.

పోలీసులు మాత్రం ఆ పాఠం త్వరగానే ఒంటబట్టించుకున్నారు. 2020 జూన్‌లో దంతెవాడ పోలీసులు మావోయిస్టుల లొంగుబాటు కోసం మొదలుపెట్టిన కార్యక్రమానికి సరెండర్ అన్న మాట వాడలేదు. ‘లోన్ వర్రాటు’ అన్నారు. లోన్ అంటే గోండీలో ఇల్లు. ఇంటికి తిరిగి రండి అన్నది ఆ పిలుపు. అడవి గ్రామాలకు రోడ్లు, రేషన్, కరెంటు అందించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన పథకం పేరు ‘నియద్ నెల్లానార్’, అంటే మీ మంచి ఊరు. 2025 అక్టోబర్ 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు అప్పగించినప్పుడు ఆ పునరావాస కార్యక్రమాన్ని ‘పూనా మార్గెం’ అన్నారు, అంటే కొత్త దారి. మనసుకు తాకాలనుకున్నప్పుడల్లా ప్రభుత్వం కచేరీ మాట పక్కనపెట్టి ఇంటి మాట వెతుక్కుంది. బడి గుమ్మం దగ్గర మాత్రం ఆ ఇంటి మాటను బయటే వదిలి రమ్మంటోంది.

అయిదు భాషల పిల్ల

బస్తర్ బడికి వచ్చే పిల్లకు భాషలు రావనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల్లో గోండీని మాతృభాషగా చెప్పినవారు దేశవ్యాప్తంగా 29 లక్షల పైచిలుకు, హల్బీ వారు ఏడున్నర లక్షల పైచిలుకు. ఇంత మంది మాట్లాడుతున్నా గోండీకి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కలేదు. సుక్మా దాటి కుంట వైపు వస్తే దోర్లాల మాటలో తెలుగు వాసన గుప్పుమంటుంది. కుంట బజారులో తెలుగు ధారాళంగా నడుస్తుంది. బైలాడిల్లా ఇనుప గనుల పట్టణాలు కిరందుల్, బచేలీల్లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఆ గనులను నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజం విశాఖకు చేరే రైలు మార్గం అరకు మీదుగా తెలుగు నేలమీదికి దిగుతుంది.

ఏటా మిర్చి ఏరే కాలంలో బస్తర్ కూలీలు వేల సంఖ్యలో ఖమ్మం, భద్రాద్రి, ములుగు చేలకు వస్తారు. ఎత్తుకో, దించు, తూకం, బస్తా, అడ్వాన్స్ అన్న మాటలతో మొదలై రెండు మూడు సీజన్లలో పనికి సరిపడా తెలుగు పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. మాట పక్కనే పని ఉంటుంది. చెప్పినవాడు ఎదురుగా ఉంటాడు. తప్పు మాట్లాడితే నవ్వుతారు, అయినా పని ఆగదు. భాష నేర్చుకోవడానికి కావాల్సినవన్నీ ఆ మిర్చి చేలో ఉన్నాయి. కూలిలో మోసపోకుండా ఉండాలన్న అవసరం కూడా అందులో కలిసింది.

ఇంగ్లిష్‌కు ఇలాంటి చేను దొరకలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో స్వామి ఆత్మానంద్ పేరిట ప్రభుత్వ ఇంగ్లిష్ మీడియం బడులు ప్రారంభించింది. ఆత్మానంద్ 1985లో అబూజ్‌మఢ్ అంచున నారాయణపూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమానికి పునాది వేసిన సన్యాసి. ఫీజు లేకుండా ఇంగ్లిష్ చదువు దొరకడం పేద తల్లిదండ్రులకు పెద్ద ఊరట. జిల్లా కేంద్రాల్లో సీట్ల కోసం పోటీ పడటంలో ఆశ్చర్యమేమీ లేదు. మరోవైపు 2020 రిపబ్లిక్ దినోత్సవం నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రాథమిక బడుల్లో గోండీ, హల్బీ తదితర భాషల్లో చదువు చెబుతామని ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు మాతృభాషలో బోధించాలంది. ఇంగ్లిష్ బడి, మాతృభాష బడి రెండూ ఒకే ఏడాది వాగ్దానాలు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే చిక్కు.

చూపులో ఉంది కిటుకు

నిజానికి ఆ రెండింటికీ మధ్య వంతెన పిల్లల నోట్లోనే ఉంది. ఇంగ్లిష్‌లో లుక్ అంటే చూడటం. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఆశగా ఎదురుచూడటం. తెలుగులోనూ అన్నిట్లో చూపే ఉంది, పక్కన చేరిన మాటే అర్థాన్ని మార్చింది. ఫాల్ బిహైండ్ అంటే అక్షరాలా వెనకబడటమే. కొట్టు అన్న ఒక్క క్రియ నుంచి కొట్టేయడం, ఎగ్గొట్టడం, కొట్టుకుపోవడం, కొట్టిపారేయడం పుట్టించిన భాష మాట్లాడేవారు ఫ్రేజల్ వెర్బ్ చూసి బెదరాల్సిన పనిలేదు. ఇంగ్లిష్ క్రియ తర్వాత చిన్న మాట పెడుతుంది. మన భాషలు క్రియ ముందో వెనకో మరో మాట చేర్చుతాయి. హిందీలో మార్ డాల్‌నా, రాహ్ దేఖ్‌నా అన్నవీ ఆ బాపతే.

గోండీ తెలుగుకు దగ్గరి చుట్టం. నీళ్లు అక్కడ ఏర్, రక్తం నెత్తుర్. అలాంటి పిల్లకు గివ్ అప్ అన్న మాటను బోర్డు మీద రాసి పదిసార్లు వల్లె వేయించడం కంటే, చేతులెత్తేయడానికి మీ ఇంట్లో ఏమంటారని అడగడం మేలు. జవాబు గోండీలో వస్తుంది. దాని పక్కన హిందీ, ఆ పక్కన ఇంగ్లిష్ రాయవచ్చు. అలా రాయాలంటే ఉపాధ్యాయుడికి గోండీ తెలియాలి. అసలు సమస్య అక్కడే వస్తుంది. ఇంగ్లిష్ వచ్చిన టీచరుకు గోండీ రాదు. గోండీ వచ్చిన టీచరుకు ఇంగ్లిష్ రాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉండే బడి కోసం ఖర్చు పెట్టాలన్న ఆలోచన ఇంకా ఏ పథకంలోనూ బలంగా కనిపించదు.

సాంకేతికత కొంత దారి చూపింది. బీబీసీ మాజీ జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వరలో ఆదివాసీలు ఫోను ద్వారా తమ మాటలోనే వార్త చెప్పవచ్చు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వస్తుంది. ఆ రకంగా ‘మిస్డ్ కాల్ ఇవ్వడం’ బస్తర్ పల్లెల్లో తుపాకీతో సంబంధం లేకుండా పాతుకుపోయిన ఇంగ్లిష్ మాట అయింది. వేర్వేరు రాష్ట్రాల గోండీలకు ఉమ్మడి నిఘంటువు కోసం జరిగిన వరుస సమావేశాలకూ ఈ బృందం ఊతమిచ్చింది.

ప్రాణం ఖరీదైన పాఠం

బస్తర్‌లో భాష నేర్పడం ఇన్నేళ్లూ ప్రాణాపాయం లేని పని కూడా కాలేదు. సల్వా జుడుం రోజుల్లో బలగాలు బడుల్లో బస చేశాయి. మావోయిస్టులు బడి భవనాలు పేల్చేశారు. వందల బడులు మూతపడ్డాయి. పిల్లలను రోడ్డు పక్కన వెదురు తడికలతో కట్టిన పోర్టా క్యాబిన్ ఆశ్రమ బడులకు తరలించారు. ఊరికి, తల్లికి, తల్లి మాటకు దూరంగా ఒక తరం అక్కడ పెరిగింది. తర్వాత మారుమూల పల్లెల్లో బడులు మళ్లీ తెరిచినప్పుడు అదే ఊరి యువకులను శిక్షాదూత్‌లుగా పెట్టారు. జీతం తక్కువే అయినా వారికి పిల్లల భాష వచ్చు. 2025లో బీజాపూర్, సుక్మా జిల్లాల్లో ఇలాంటి పలువురు శిక్షాదూత్‌లు హత్యకు గురయ్యారు. ఈ హత్యలు మావోయిస్టుల పనేనని పోలీసులు చెప్పారు. మోపిన నేరం ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క ఇంగ్లిష్ మాట. పిల్లల మాటకూ బడి మాటకూ మధ్య నిలబడిన వ్యక్తి మీద రెండు వైపులా అనుమానమే మిగిలింది.

2025 మేలో నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు అగ్రనేత నంబాల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించిన తర్వాత, వరుస లొంగుబాట్లతో యుద్ధపు చప్పుడు తగ్గుముఖం పట్టింది. రోడ్లు, సెల్ టవర్లు వస్తున్నాయి. గనులు, హోటళ్లు, పర్యాటకులు ఆ రోడ్ల మీదే వస్తారు. ఒప్పంద పత్రాలు ఇంగ్లిష్‌లో వస్తాయి. వాటి మీద వేలిముద్ర వేసేవాడికి కచేరీ ఇంగ్లిష్ అర్థం కావాలి. ఎదుటివాడి మొహం చూసి ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు అని అడగడానికి ఇంటి ఇంగ్లిష్ కావాలి.

ఇంగ్లిష్‌లో స్పీక్ ఫర్ అంటే ఇంకొకరి తరఫున మాట్లాడటం. స్పీక్ అప్ అంటే గొంతు విప్పి మాట్లాడటం. బస్తర్ తరఫున మాట్లాడినవారిలో కలెక్టర్లు, కమాండర్లు, పండితులు, లాయర్లు, తెలుగు నాయకులు అందరూ ఉన్నారు. ఇప్పుడు అయిదో తరగతిలో ఉన్న గోండు పిల్ల రెండో మాట ఎప్పుడు, ఏ భాషలో నేర్చుకుంటుందన్న దాని మీదే ఆ రోడ్లు ఎవరికి ఉపయోగపడతాయన్నది ఆధారపడి ఉంది.